లచ్చమ్మ అనని మాట

లచ్చమ్మ మీద కోడలు శ్రీకళకు ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ మాట్లాడేటప్పుడు ఊపిరి తీసుకోదు.

మిగతా కోడళ్లకు అత్తల మీద చెప్పుకోవడానికి బోలెడుంటాయి. శ్రీకళకు ఆ అదృష్టం లేదు. లచ్చమ్మ వంట తనే చేస్తుంది, గ్యాస్ అయిపోతే తనే ఫోన్ చేయిస్తుంది, కోడలు ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే గడియారం వంక చూడదు. కాకపోతే బియ్యం ధర దగ్గర మొదలుపెట్టిన మాట చచ్చిపోయిన బర్రె మీదుగా, ఎదురింటి కోడలి జడ మీదుగా, ఊళ్లో ఎన్నడో కూలిపోయిన గోడ మీదుగా తిరిగి మళ్లీ బియ్యం దగ్గరికి వచ్చేదాకా ఎక్కడా ఆగదు. పన్నెండేళ్లుగా వీడియో ఎడిటర్‌గా బతుకుతున్న మనిషికి ఇది నిజంగానే కష్టం. మాటకూ మాటకూ మధ్య పిసరంత ఖాళీ ఉంటేనే కదా కత్తెర పెట్టేది!

"మా అత్తమ్మను షూట్ చేస్తే యాడ కొయ్యాల్నో దేవునిక్కూడ తెల్వది" అని ఆఫీసులో చెప్పి నవ్వించేది.

ఆఫీసంటే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన మూడో అంతస్తు. రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, ఒక ఏసీ, ఆ ఏసీ రిమోటు కోసం రోజూ ఒక యుద్ధం. యజమాని శ్రీకర్‌ది తెనాలి. ఆయన కింద శ్రీకళ, ధర్మేందర్, ఇంకా ఒకరిద్దరు. పెళ్లి వీడియోలు, కింది అంతస్తు వాళ్ల పాఠాలు, మూడు వంటల ఛానెళ్లు. ఇదీ పని. దసరా వంటలు దసరాకు ముందే జనం ఫోన్లలో ఉండాలి కాబట్టి, వినాయకుడు నీళ్లలో మునగకముందే వీళ్ల తెరల మీద గారెలు వేగడం మొదలయ్యేది. రోజుకు తొమ్మిది గంటలు మరుగుతున్న నూనెను చూసి చూసి, తీరా పండుగనాడు ఇంట్లో ఎవరైనా విస్తట్లో గారె వేస్తే వాళ్లకు డ్యూటీ ఎక్కినట్టుండేది.

వంటల మీద వాళ్ల హాస్యం బయటివాళ్లకు పట్టుబడదు. ఇంట్లో పప్పులో ఉప్పెక్కువైన రోజున ధర్మేందర్ దిగాలుగా వచ్చి, "అన్‌డూ కొట్టిన అన్నా, పని చేయలే" అనేవాడు. శ్రీకర్ తన భార్య ఉదయలక్ష్మి చేసిన సున్నుండలు పంచిపెడుతూ, "రంగు సరిచేయగలను గానీ, రాయిని మెత్తబరిచే సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదయ్యా, కాస్త పళ్లు జాగ్రత్త" అనేవాడు. ఒక ఛానెల్ ఆవిడ నాలుగేళ్ల కిందట ఒకే ఒక్కసారి తన వంట తనే తిని మనస్ఫూర్తిగా "ఆహా" అంది. ఆ ఆహాను శ్రీకర్ విడిగా దాచిపెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఆవిడ ఏం వండినా అదే ఆహా. పాయసానికీ అదే, కాకరకాయకూ అదే.

అక్కడొక ఆచారం ఉంది. పెద్ద పండుగకు ముందు ఒకరోజు మధ్యాహ్నం అందరూ ఇంటి నుంచి తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తింటారు. తినే ముందు ఆ వంటకం తయారైన వైనాన్ని ఒక్క నిమిషం వీడియోగా చూపించాలి. ఉన్నదున్నట్టు చూపిస్తే ఒప్పుకోరు. ఇంట్లోవాళ్ల మాటల్ని ముక్కలు చేసి, తిరగేసి అతికించి నవ్వించాలి. అతుకు మాత్రం కనపడకూడదు. "ఇదిగో, ఇక్కడ కోశావు" అని ఎవరైనా తెర మీద వేలు పెట్టగలిగితే, ఆ వీడియో తెచ్చినవాళ్లు గిన్నెలు కడగాలి. పోయినేడాది శ్రీకర్ తెచ్చిన వీడియోలో ఉదయలక్ష్మి పులిహోర కలుపుతూ, "మా ఆయనంత తెలివైనవాడు ఈ భూమ్మీద లేడు" అంది. అందరి వేళ్లూ ఒక్కసారే పడ్డాయి.

ఇంకో నియమం కూడా ఉంది. భోజనాలయ్యాక ఆ ముక్కలన్నీ తుడిచేయాలి. ఎవరింటి మాటా గుమ్మం దాటకూడదని.

ఈసారి బతుకమ్మ మొదలైన మూడో రోజున ఆఫీసు భోజనం పెట్టుకున్నారు. శ్రీకళ మలీద తెస్తానంది. బతుకమ్మ చివరి రోజైన సద్దుల నాడు చేసే తీపి అది.

"సద్దుల బతుకమ్మ రాకముందే మలీద తింటరా మీ ఆఫీసోల్లు?" అంటూనే లచ్చమ్మ తెల్లారి లేచి రొట్టెలు కాల్చింది. మొదటి రొట్టెను అమ్మవారి పటం ముందు పెట్టి, "తల్లీ, మనసుల పెట్టుకోకు, వాళ్లు సదువుకున్నోళ్లు, వాళ్లకేం తెల్వది" అని సర్దిచెప్పింది. శ్రీకళ ఫోన్‌ను చక్కెర డబ్బాకు ఆనించి తీస్తోంది. లచ్చమ్మ వేడి రొట్టెలు తుంచి, బెల్లం వేసి పిసుకుతూ మొదలుపెట్టింది.

"మా సౌందర్య చేసిన మలీద ఉంటది సూడు, నోట్లె పెట్టుకుంటె పానం లేసొస్తది, బెల్లం గింత ఎక్కువ గాదు గింత తక్కువ గాదు, దానికి గా చెయ్యి యాడికెల్లి ఒచ్చిందో గని నాదైతే గాదు, నేను చేసింది కుక్కగూడ ముట్టది అని మా అత్త ఊరంత చెప్పుకున్నది, గోడ మీదికెల్లి పారేసింది గూడ, గా గోడ ఇప్పుడు లేదు గని..."

సౌందర్య లచ్చమ్మ పెద్దకూతురు. హయత్‌నగర్‌లో ఇచ్చారు. శ్రీకళ భర్త దశరథకు అక్క.

శ్రీకళకు ఆ ఉదయం ఆఫీసులో ఇరవై నిమిషాలు పట్టింది. "మా సౌందర్య చేసిన మలీద ఉంటది సూడు" దగ్గర ఒక కోత. "కుక్కగూడ ముట్టది" ముందర ఇంకో కోత. మధ్యలోదంతా ఎత్తేసింది. ముఖం ఎగిరిపడినట్టు కనపడకుండా, అతుకు పడిన చోట బెల్లం పిసికే చేతులను కప్పింది. గొంతులో తేడా వినపడకుండా గిన్నె చప్పుడు ఒకటి పరిచింది. ఇప్పుడు లచ్చమ్మ కెమెరాలోకి చల్లగా చూస్తూ, "మా సౌందర్య చేసిన మలీద ఉంటది సూడు, కుక్కగూడ ముట్టది" అంటోంది. అని, మళ్లీ మలీద పిసుక్కుంటోంది. ఆ తాపీతనమే నవ్వు తెప్పించేది.

మధ్యాహ్నం అందరూ మూడుసార్లు చూశారు. శ్రీకర్ కళ్లజోడు తీసి, ముక్కు తెరకు ఆనేంత దగ్గరకు వెళ్లాడు.

"వేలు పెట్టడానికి సందు లేదమ్మా శ్రీకళా."

"అక్కా, నీ చేతులకు మొక్కాలె" అన్నాడు ధర్మేందర్. అతని వీడియోలో అతుకు మొదటి పది క్షణాల్లోనే దొరికిపోయింది. గిన్నెలు అతనే కడిగాడు. మలీద డబ్బా ఖాళీ అయింది. ముక్కలన్నీ తుడిచేశారు. ఒక్క ఆ నిమిషం వీడియో మాత్రం శ్రీకళ ఫోన్‌లో ఉండిపోయింది. అంత బాగా కుదిరినదాన్ని తుడిచేయడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం మెట్రోలో ఎల్బీ నగర్ దాకా, అక్కడి నుంచి షేర్ ఆటోలో మన్సూరాబాద్ దాకా దాన్ని నాలుగుసార్లు చూసుకుంది. ఇంటికి రాగానే దశరథకు చూపించింది. ఎడిటర్లు పట్టుకోలేకపోయారు సరే, ఆ నోటి మాటలు వింటూ పెరిగిన కొడుకు పట్టుకుంటాడా లేదా అని పరీక్ష. దశరథ పగలబడి నవ్వాడు.

"అమ్మ గిట్లన్నదా! నాకు పంపు, మళ్లొకసారి చూస్త."

అప్పుడే చెప్పాల్సింది. చెబుదామనే అనుకుంది కూడా. కానీ కన్నకొడుకే నమ్మాడన్న సంబరం ఎంత తియ్యగా ఉందంటే, అన్నం తిన్నాక చెబుదాంలే, ఇంకాసేపు నమ్మనీ అనుకుంది. అన్నం తిన్నాక బట్టలు మడతపెట్టే పని తగిలింది. ఈలోగా దశరథ ఆ వీడియోను హయత్‌నగర్‌కు పంపేశాడు. కింద ఒక వాక్యం కూడా రాశాడు: "అక్కా, నీ మలీదకు అమ్మ ఏసిన మార్కులు సూడు, శ్రీకళ ఆఫీసుల అందరు నవ్విన్రట."

సౌందర్య రోజూ పొద్దున పదింటికి తల్లికి ఫోన్ చేస్తుంది. మర్నాడు చేయలేదు. ఆ మర్నాడూ చేయలేదు. లచ్చమ్మ చేస్తే ఎత్తలేదు. మూడో రోజున సౌందర్య భర్త గజేందర్ దశరథకు ఫోన్ చేసి నీళ్లు నమిలాడు.

"మీ అక్క ఈసారి సద్దులకు రాదట బామ్మర్దీ. కుక్కలు ముట్టని మలీద చేసేటోళ్లు ఎందుకు అంటుంది. పెండ్లయిన కొత్తల మా అమ్మ గూడ గిదే మాట అనేది గద... గది కడుపుల పెట్టుకున్నది."

ఆదివారం కావడంతో అందరూ ఇంట్లోనే ఉన్నారు. దశరథ ఫోన్ తెచ్చి తల్లి ముందు పెట్టాడు. లచ్చమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చూసింది. ఇంకోసారి పెట్టమంది. మళ్లీ చూసింది.

"నేనన్ననా?"

"మరెవరన్నరమ్మా? నోరు జర అదుపుల పెట్టుకోవాలె. అక్క ఎంత బాధపడుతుందో ఎరుకేనా?"

"నా నోరే. నా చీరె." లచ్చమ్మ చేతిలోని చిక్కుడుకాయను చూస్తూ ఉండిపోయింది. "నాకు యాదికి లేదు బిడ్డా. బాగుంటది అన్నట్టే అనిపిస్తుంది. కానీ గీడ కనవడుతుంది గద."

శ్రీకళ వంటింటి గుమ్మంలో ఉంది. చేతిలో గరిటె. ఒక్క వాక్యం చాలు. కానీ అప్పటికే దశరథ తల్లి మీద గట్టిగా మాట్లాడేశాడు. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ గొంతంతా తన వైపు తిరుగుతుంది. అదీగాక ఆమెకు ఒక ఉపాయం తట్టింది. రేపు ఆఫీసుకు వెళ్లి, తుడిచేసిన మొత్తం వీడియోను ఎలాగో వెనక్కి రప్పించి, "ఇదిగో, అసలు మొత్తం ఇదీ" అని వదినకు పంపేస్తే సరి. ఎవరు కోశారు, ఎందుకు కోశారు అనేవి ఎవరూ అడగరు. అంతా దానంతటదే సర్దుకుంటుంది. శ్రీకళ వెళ్లి కూర కలిపింది. కూర అప్పటికే అడుగంటింది.

ఆఫీసులో ఏమీ లేదు. ఫోన్ నిండిపోయిందని ఆ రోజే కంప్యూటర్లోకి ఎక్కించి ఫోన్లో తీసేసింది. కంప్యూటర్లోవి ఆచారం ప్రకారం ధర్మేందర్ తుడిచేశాడు. తుడిచిన చోట ఒక పెళ్లి తాలూకు ఆరుగంటల ఊరేగింపు ఎక్కించాడు.

"మళ్లా తేవచ్చు గద?" అంది శ్రీకళ.

"పైన పెండ్లి ఎక్కింది అక్కా. ఇగ రాదు." ధర్మేందర్‌కు విషయమంతా చెప్పాక, ఆ పూట అతను ఉప్పు గురించీ పప్పు గురించీ ఒక్క ముక్క మాట్లాడలేదు.

శ్రీకర్ మాత్రం కుర్చీ వెనక్కి తిప్పి, "నోటితో చెప్పే దానికి ఫుటేజీ ఎందుకమ్మా? వెళ్లి చెప్పేయ్" అన్నాడు.

"మీరైతే చెప్తరా సార్?"

"నేనా?" ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనైతే ఇంకా ఫుటేజీ వెతుకుతూ ఉండేవాణ్ణి. అందుకే చెప్తున్నా."

శ్రీకళకు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోకుండానే ఇంటికి వచ్చింది. రేపు చెబుదాం అనుకుంది. రేపు వచ్చింది, పోయింది. వాయిదా వేసిన కొద్దీ చెప్పాల్సిన వాక్యం పొడుగవుతూ వచ్చింది. మొదటిరోజున "అది నేను అతికించిన" అంటే సరిపోయేది. ఇప్పుడు దాని వెనక "ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదంటే" అన్నది కూడా మోసుకురావాలి.

ఇంతలో లచ్చమ్మ మారిపోయింది. మాటకు ముందు ఆగడం మొదలుపెట్టింది. కూరగాయలమ్మే ఆమెతో బేరం మధ్యలో ఆగి, పెదవుల మీద వేలు పెట్టుకుని, ఆమె చెప్పిన ధరకే తీసుకుని లోపలికి వచ్చేసింది. ఎదురింటి కోడలు పలకరిస్తే తలూపి ఊరుకుంది. బియ్యం మాట బియ్యం దగ్గరే ఆగిపోతోంది. శ్రీకళ ఇన్నాళ్లూ కోరుకున్న ఖాళీలు అవే. ఇప్పుడు ఎక్కడ కావాలంటే అక్కడ కత్తెర పెట్టుకోవచ్చు. ఆ ఖాళీల్లో ఫ్యాను తిరిగే చప్పుడు వినపడుతుంటే ఆమెకు అన్నం దిగడం లేదు.

ఒకరోజు సాయంత్రం లచ్చమ్మ మెల్లగా అడిగింది.

"శ్రీకళా, నిన్న పక్కింటామెను నేనేమన్న అన్ననా?"

"ఏమనలేదు అత్తమ్మా."

"నిజం చెప్పు. నాకు యాదికుంటలేదు. నేను ఒకటి అనుకుంటున్న, నోట్లకెల్లి ఇంకోటి ఒస్తున్నట్టుంది. దవాఖానకు పోదామా? తల ఫోటో తీస్తరట గద."

"నీకేం కాలేదు అత్తమ్మా. మంచిగున్నవ్."

"నువ్వు మంచిదానివి గాబట్టి గట్లంటవ్" అంది లచ్చమ్మ.

సద్దుల బతుకమ్మ నాడు తెల్లవారేసరికి లచ్చమ్మ రొట్టెలు కాల్చేసింది. మలీద ముద్దలు కట్టి స్టీలు డబ్బాలో పెట్టి, పట్టుచీర కట్టుకుని నిలబడింది.

"హయత్‌నగర్ పోయొస్తా. బిడ్డ పండుగకు రాకుంటే నేనేం బతుకమ్మ ఆడుత? తప్పయిందని చెప్పొస్తా. నువ్వు గూడ రా. నేను మళ్ల తప్పుగ ఏమన్న మాట్లాడితే నా చెయ్యి గిచ్చు."

బస్సులో ఎల్బీ నగర్ దాటాక ఎక్కడ చూసినా పూలే. రోడ్డు పక్కన గోనెసంచుల్లో తంగేడు, గునుగు, బంతి. మామూలుగా అయితే లచ్చమ్మ ఒక్కో సంచి మీద ఒక్కో కథ చెప్పేది. డబ్బాను ఒళ్లో పట్టుకుని కిటికీ లోంచి చూస్తూ కూర్చుంది. ఎడమచేయి మాత్రం శ్రీకళ ఒళ్లోకి జరిపి ఉంచింది, గిచ్చడానికి వీలుగా.

సౌందర్య వరండాలో తాంబాలం ముందు పెట్టుకుని ఒక్కతే బతుకమ్మను పేరుస్తోంది. చుట్టూ పూలరాశులు. తల్లిని చూసి లేవలేదు.

"రా అమ్మా. కూసో. రా శ్రీకళా." నీళ్లిచ్చింది. మళ్లీ వెళ్లి పూల ముందు కూర్చుంది.

లచ్చమ్మ డబ్బా మూత తీసింది. తీసి, ఏం చేయాలో తెలియక మళ్లీ పెట్టింది.

"తప్పయింది బిడ్డా. నోరు జారింది."

సౌందర్య గునుగుపూల కాడలు కత్తిరిస్తూనే ఉంది.

"ఎందుకన్నవమ్మా?" చివరికి అడిగింది. "మా అత్త అంటే పడ్డ. ఆమె పోయేదాంక పడ్డ. నీకు ఫోన్ చేసి బెల్లం ఎంత, నెయ్యి ఎంత అని అడిగి అడిగి నేర్చుకున్న. ఆమెకు పెట్టనీకి గాదు. నువ్వు తిని బాగుందంటవని. పండుగకు చేసి తెస్తే మంచిగున్నదంటవని. గా నువ్వే, ఆఫీసోల్ల ముందు..."

లచ్చమ్మ శ్రీకళ వైపు చూసింది. ఏం చెప్పాలి అన్నట్టు. ఇది గిచ్చే మాటేనా కాదా అన్నట్టు.

"గా రోజు ఎండ బాగున్నది బిడ్డా" అంది. ఆ వీడియో తెల్లవారుజామున తీసింది. ఎండ రానే లేదు. "తల తిరిగింది. పొయ్యి కాడ కూసుంటే... నీ మీద ఏదో కోపమొచ్చి ఉంటది. ఎందుకొచ్చిందో... నువ్వు ఒకసారి నాకు చీరె రంగు మార్చి తెచ్చినవ్ గద, గది మనసుల పెట్టుకున్ననేమో. ముసల్దాన్ని. గట్లనే అని ఉంట."

తాను అనని మాటకు ఆవిడ ఒక్కొక్కటిగా కారణాలు ఏరుకుంటోంది. దొరకకపోతే తయారు చేస్తోంది. ఒక ముక్కా ఇంకో ముక్కా తెచ్చి, పొసగకపోయినా పక్కపక్కన పెట్టి అతికిస్తోంది. ఆ పని ఆవిడకు చేతకావడం లేదు. ప్రతి అతుకూ కనపడుతోంది.

"అత్తమ్మ అనలే వదినా" అంది శ్రీకళ.

సౌందర్య తలెత్తింది. "నేను సూసిన శ్రీకళా. నా కండ్లతోని సూసిన."

"నువ్వు సూసింది నేను చేసింది. నీ మలీద తింటే పానం లేసొస్తది అన్నది అత్తమ్మ. ఎక్కువ గాదు, తక్కువ గాదు, గా చెయ్యి నాది గాదు అన్నది. కుక్క ముట్టది అని వాళ్లత్త తనను అన్న మాట చెప్పింది. నేను నడుమ మాటలు తీసేసి, ముందుది వెనకది అతికిచ్చిన. ఆఫీసుల నవ్వనీకి. అతుకు కనవడకుండ చేతులు కప్పిన. మీ తమ్మునికి గూడ తెల్వది."

"మరి మొత్తం వీడియో ఏది?"

"లేదు. తుడిచేసినం. నేను చెప్పేదే ఉన్నది."

సౌందర్య కత్తెర కింద పెట్టింది. శ్రీకళను నమ్మాలో లేదో తేల్చుకోలేనట్టు తల్లి ముఖంలోకి చూసింది. లచ్చమ్మ ఇద్దరినీ చూడటం లేదు. తన రెండు చేతుల్నీ ముందుకు చాపి, అవి ఎవరివో అన్నట్టు తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"అయితే నేను అనలేదా?"

"అనలే అత్తమ్మా."

"నాకు యాదికున్నదే నిజమా?"

"నిజమే."

లచ్చమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే శ్రీకళకు కొంచెం సులువయ్యేది.

"నేను దవాఖానకు పోదామన్ననాడు గూడ నీకు ఎరుకేనా?"

పూలరాశి మీద ఎండ పడుతోంది. తంగేడు రేకులు అంచుల్లో ముడుచుకుంటున్నాయి.

"ఎరుకే" అంది శ్రీకళ. "నవ్వులాటకు చేసిన అత్తమ్మా, గంతవరకైతే పోనీ అనుకోవచ్చు. కానీ నువ్వు నీ మీదనే అనుమానం పెట్టుకుంటుంటే చూసుకుంట ఊకున్న. నా పేరు ఖరాబైతదని. తప్పు చేసిన. నాదే తప్పు."